అమ్మ గాజుల సైజు



"నాన్నా, ఎల్లుండి అమ్మ పుట్టినరోజు కదా, ఏం కొందాం?" అని ఆరేళ్ల పిల్ల అడిగిందనుకోండి. ఆ తర్వాత మన ఇళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. నాన్న బండి తీస్తాడు. పిల్లని ముందు నిలబెట్టుకుని బజారుకు తీసుకెళ్తాడు. దుకాణంలో తనే చీరలు తీయించి చూస్తాడు, తనే బేరమాడతాడు, తనే డబ్బులిస్తాడు, మెరుపు కాగితం చుట్టిస్తాడు. ఇంటికొచ్చాక ఆ ప్యాకెట్ పిల్ల చేతికిచ్చి, "నేనే కొన్నానని చెప్పి అమ్మకివ్వు" అంటాడు. పిల్ల ఇస్తుంది. ఫొటో తీస్తారు, వాట్సాప్ స్టేటస్ పెడతారు. అందరూ సంతోషిస్తారు. కానీ ఇందులో పిల్ల చేసిన పని ఏమిటి? నాన్న ఇచ్చిన ప్యాకెట్టు అమ్మకి అందించింది, అంతే.

ఇంకో ఇంట్లో సరిగ్గా దీనికి తలకిందులు. "నీ ఇష్టంరా, నువ్వే చూసుకో" అని ఓ వంద కాగితం చేతిలో పెట్టి పంపేస్తారు. పిల్లవాడు ఫ్యాన్సీ షాపులో నాలుగు గోడల నిండా వేలాడే సామాన్లు చూసి బిక్కమొహం వేస్తాడు. "బాబూ, ఏం కావాలి? తొందరగా చెప్పు" అంటాడు దుకాణదారు. వెనకాల జనం. చివరికి ఆయన ఏది అంటగడితే అది పట్టుకుని ఇంటికొస్తాడు.

ఈ రెండిళ్లలోనూ పిల్లల మీద ప్రేమకి లోటు లేదు. ఎంత సాయం చేయాలి, ఎక్కడ ఆగాలి అన్నదే తెలియలేదు. నా అభిప్రాయం ముందుగానే చెప్పేస్తాను. వస్తువు ఎంచుకునేటప్పుడు పిల్లలకి కావలసిన సాయం మనం అనుకునేదానికంటే చాలా తక్కువ. దుకాణానికి వెళ్లకముందు, అమ్మనో నాన్ననో శ్రద్ధగా చూసి తెలుసుకునే దగ్గర కావలసిన సాయం మాత్రం మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. చేయాల్సిన చోట ఊరుకుంటున్నాం, ఊరుకోవాల్సిన చోట అన్నీ మనమే చేసేస్తున్నాం.

ఇలా ఎందుకవుతోందని ఆలోచిస్తే నాకొక కారణం కనిపిస్తుంది. మన వైపు బహుమతి అంటే పెద్దవాళ్ల దగ్గర్నుంచి పిల్లలకి వచ్చేదే. మేనమామ పట్టులంగా తెస్తాడు. తాతయ్య సైకిలు కొనిపెడతాడు. ఊరికి బయల్దేరేటప్పుడు అమ్మమ్మ చేతిలో నోటు పెడుతుంది. పిల్లలు తిరిగి పెద్దవాళ్లకి ఇవ్వాలంటే ముందు వాళ్లు పెద్దవాళ్లవ్వాలి, సంపాదన మొదలవ్వాలి. మొదటి జీతంతో అమ్మకు చీర, నాన్నకు పంచెలచాపు. తర్వాతెప్పుడో తండ్రికి అరవై నిండితే షష్టిపూర్తికి కొత్తబట్టలు. ఈ మధ్యలో, ఏడేళ్ల పిల్లవాడు కన్నతల్లికి ఒక వస్తువు కొనివ్వడం అనే సంగతికి మన పద్ధతుల్లో చోటే లేదు. అది పుట్టినరోజు కేకులతో, బడుల్లో చేసే మదర్స్ డే, ఫాదర్స్ డేలతో మన ఇళ్లలోకి వచ్చింది. ఇప్పుడు తల్లిదండ్రులుగా ఉన్నవాళ్లలో చాలామందికి చిన్నతనంలో ఈ పనిలో ఎవరూ చెయ్యందించలేదు. అలాంటప్పుడు తమ పిల్లలకు ఎంతవరకు చెయ్యందించాలో వాళ్లకెలా తెలుస్తుంది?

అలాగని ఇచ్చే బుద్ధి పిల్లలకు కొత్తది కాదు. ఆగస్టు పదిహేనున బడిలో పంచిన చాక్లెట్టు సగం కొరికి, మిగతా సగం కాగితంలో చుట్టి అమ్మకోసం జేబులో వేసుకునే పిల్లల్ని నేను ఏటా చూసేదాన్ని. నేను ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పాఠాలు చెప్పినదాన్ని. సాయంత్రం బడి విడిచేసరికి ఆ చాక్లెట్టు కరిగి చొక్కాకు అంటుకుపోయేది. అయినా పారేసేవాళ్లు కాదు.

ఈ సంగతిని పరీక్షపెట్టి చూసినవాళ్లున్నారు. 2012లో లారా అక్నిన్, కైలీ హామ్లిన్, ఎలిజబెత్ డన్ అనే ముగ్గురు పరిశోధకులు కెనడాలో రెండేళ్లు కూడా నిండని పిల్లల ముందు ఒక చేతిబొమ్మను పెట్టారు. ముందు పిల్లలకి తినడానికి బిస్కట్లు ఇచ్చారు. తర్వాత ఆ బొమ్మకి పెట్టమన్నారు. తాము పుచ్చుకున్నప్పటికంటే బొమ్మకి పెట్టినప్పుడే పిల్లల ముఖాల్లో ఎక్కువ సంతోషం కనిపించింది. అందులోనూ పరిశోధకులు అందించిన బిస్కట్టు పెట్టినప్పటికంటే, తమ గిన్నెలోంచి తీసి పెట్టినప్పుడు ఇంకా ఎక్కువ. తమది అనుకున్నదాంట్లోంచి ఇచ్చినప్పుడే ఎక్కువన్న మాట మనసులో పెట్టుకోండి. డబ్బు సంగతి మాట్లాడుకునేటప్పుడు మనకి పనికొస్తుంది.

ఇక, ఎదుటివాళ్లకి ఏమిష్టమో ఆలోచించే తెలివి పిల్లలకి ఎప్పుడొస్తుంది? 1997లో బెట్టీ రెపకోలి, ఆలిసన్ గోప్నిక్ ఒక ముచ్చటైన పరీక్ష చేశారు. పసివాళ్ల ముందు రెండు గిన్నెలు పెట్టారు. ఒకదాంట్లో బిస్కట్లు, ఇంకోదాంట్లో పచ్చి బ్రకోలీ. పిల్లలకి బిస్కట్లే ఇష్టమని వేరే చెప్పక్కర్లేదు. పరీక్ష చేసే ఆవిడ మాత్రం బిస్కట్టు కొరికి ముఖం చిట్లించి, బ్రకోలీ తిని "ఆహా" అన్నట్టు నవ్వి, "నాకు కొంచెం పెట్టవూ" అని చెయ్యి చాపింది. పద్నాలుగు నెలల పిల్లలు ఆవిడకి బిస్కట్లే పెట్టారు. పద్దెనిమిది నెలల పిల్లలు బ్రకోలీ పెట్టారు. నాలుగు నెలల తేడాలో, నాకిష్టమైనదే అందరికీ ఇష్టం కాదన్న సంగతి ఆ బుర్రల్లోకి దిగిందన్నమాట.

అయితే తినే వస్తువు కళ్లెదుట ఉన్నప్పుడు కుదిరినంత సులువుగా, ఎదురుగా లేని మనిషికి బహుమతి ఎంచడం కుదరదు. జాన్ ఫ్లావెల్ అనే మనస్తత్వవేత్త 1968లో అచ్చయిన పుస్తకంలో తన బృందం చేసిన పరీక్ష ఒకటి రాశారు. మేజోళ్లు, నెక్‌టై, బొమ్మ ట్రక్కు, ఆడుకునే బొమ్మ, పెద్దల పుస్తకం లాంటివి బల్ల మీద పెట్టి, "అమ్మకేది ఇస్తావు? నాన్నకేది ఇస్తావు?" అని అడిగారు. మూడేళ్లవాళ్లు చాలాసార్లు తమకు నచ్చిన ట్రక్కులూ బొమ్మలే ఎంచారు. ఆరేళ్లు వచ్చేసరికి అమ్మకేది, నాన్నకేది అని సరిగ్గా ఎంచగలిగారు.

కాబట్టి మూడునాలుగేళ్ల పిల్ల అమ్మకోసం బెలూన్ కావాలంటే, బెలూనే కొననివ్వండి. "అమ్మేం చేసుకుంటుందే ఇది" అని దిద్దకండి. తనకి లోకంలో అన్నిటికంటే మంచి వస్తువేదో అదే ఇస్తోంది. ఆరేడేళ్లు దాటినవాళ్ల సంగతి వేరు. వాళ్లకి తెలివి ఉంది, సమాచారమే తక్కువ.

రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక గాజుల దుకాణంలో చూసిన సంగతి చెబుతాను. ఏడెనిమిదేళ్ల కుర్రాడు. వాళ్ల నాన్న ఆటో పక్కకి ఆపి, గుమ్మం బయటే నిలబడ్డాడు. కుర్రాడు ఒక్కడే లోపలికొచ్చి, చొక్కా జేబులోంచి నోటుబుక్కు కాగితం మడత తీశాడు. అందులో ఒక పాత మట్టిగాజు. "ఈ సైజువి కావాలి" అన్నాడు.

మట్టిగాజుల సైజులు మన ఆడవాళ్లందరికీ నోటికొచ్చు కదా, 2-4, 2-6, 2-8 అని. మొదటి అంకె అంగుళాలు, రెండోది అంగుళంలో పదహారో వంతులు. 2-4 అంటే గాజు లోపలి అడ్డుకొలత రెండుంపావు అంగుళాలు, 2-8 అంటే రెండున్నర. ఒక్క సైజు తేడా వస్తే చేతికి ఎక్కదు, లేదా వదులై జారుతుంది. గాజులమ్మే ఆవిడ ఆ పాత గాజుని కర్రకి తొడిగి చూసి "టూ సిక్స్" అంది. "ఏ రంగు నాన్నా?" అని అడిగింది. "ఆకుపచ్చ. అమ్మకి ఆకుపచ్చ చీరలున్నాయి" అన్నాడు. ఆవిడ నాలుగైదు రకాలు తీసి పరిచింది. బంగారు చుక్కలవి, మెరుపు అద్దినవి, గీతలవి, సాదావి. మెరుపులవి నిజంగానే బాగున్నాయి. నేనైతే అవే తీసుకునేదాన్ని. కుర్రాడు వాటిని వేలితో రుద్ది చూసుకుని, పక్కకి నెట్టి, సాదావి తీసుకున్నాడు. "ఇవెందుకొద్దు, బాగున్నాయిగా?" అంది ఆవిడ. "బియ్యం కడిగేటప్పుడు ఆ మెరుపంతా బియ్యంలో రాలిపోద్ది. అమ్మ మళ్లీ ఏరుకుంటది" అన్నాడు.

నాకు ఆ మాట విన్నాక కాసేపు ఇంకేమీ చూడాలనిపించలేదు. బయటికొచ్చి వాళ్ల నాన్నని అడిగాను, మీరు లోపలికి రాలేదేమండీ అని. "వద్దన్నాడండి. తనే కొంటాడంట. సైజు తప్పితే డబ్బులు పోతాయని, పాత గాజొకటి పట్టుకురారా అన్నానండి" అన్నాడు.

ఆయన చేసిన సాయం లెక్కవేసి చూడండి. బజారుకు తీసుకొచ్చాడు. పిల్లవాడికి తెలిసే వీల్లేని సంగతి, అంటే గాజులకి కొలత ఉంటుందనీ, అది తప్పకూడదనీ చెప్పాడు. ఆ కొలత తెచ్చుకునే ఉపాయం చెప్పాడు. గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఆయన లోపలికి వచ్చుంటే మెరుపులవి కొనేవాడేమో. బియ్యంలో రాలిన మెరుపు చూసింది ఆయన కాదు, పక్కన కూర్చుని ఆడుకుంటూ చూసింది కొడుకు. ఒకే ఇంట్లో ఉంటూ కూడా భర్త చూసే భార్య వేరు, కొడుకు చూసే తల్లి వేరు. బహుమతి ఎంచడం పిల్లలకే వదలాలని నేను పట్టుబట్టేది ఇందుకే. వాళ్లకి తెలిసినవి మనకి తెలియవు.

ఇలా ఎంపిక పిల్లలకే వదిలే పద్ధతి ఒకటి ఆస్ట్రేలియాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలకి బాగా పరిచయం. అక్కడి చాలా ప్రాథమిక పాఠశాలల్లో మదర్స్ డేకి ముందు బడిలోనే ఒక చిన్న అంగడి పెడతారు. సెప్టెంబరు మొదటి ఆదివారం వాళ్లకి ఫాదర్స్ డే, దానికి ముందు కూడా పెడతారు. తల్లిదండ్రుల సంఘంవాళ్లు సబ్బులు, కప్పులు, కొవ్వొత్తులు, తాళంచెవుల గొలుసులు లాంటివి తెచ్చి బల్లల మీద పేరుస్తారు. పిల్లలు ఇంటి దగ్గర్నుంచి కొద్ది డాలర్లు కవరులో పెట్టి తెచ్చుకుంటారు. తరగతుల వారీగా వరసలో వచ్చి ఎవరికి కావలసింది వాళ్లు కొనుక్కుంటారు. ఆ సామాను గొప్పదని నేనననుగానీ, పద్ధతి మాత్రం చాలా తెలివైనది. బల్ల మీద ఉన్నవన్నీ పిల్ల దగ్గరున్న డబ్బుకి అందేవే కాబట్టి "అది మనం కొనలేం" అనే మాట రాదు. కొనే చోట అమ్మ ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, బల్ల వెనకాల నిలబడి సాయం చేసేది వేరే పిల్లల తల్లో తండ్రో. వాళ్లకి ఈ పిల్ల వాళ్లమ్మ ఎవరో తెలియదు. తెలియదు కాబట్టి అడిగి తీరాలి: "మీ అమ్మకి ఏ రంగంటే ఇష్టం? టీ తాగుతుందా? మొక్కలు పెంచుతుందా?" ఆ ప్రశ్నలకి జవాబు చెప్పగలిగేది అక్కడ ఆ పిల్ల ఒక్కతే. అలా చెబుతూ చెబుతూనే తనకేం కావాలో తేల్చుకుంటుంది.

ఇంట్లోవాళ్లు సాయపడాలన్నా అలాగే, ఏమీ తెలియనివాళ్లలా అడిగితే సరిపోతుంది. వారం ముందు నుంచీ, రోజుకో మాట. నాన్న పొద్దున్నే దేనికోసం వెతుక్కుంటారు? అమ్మ ఏ పని చేసేటప్పుడు "అబ్బా" అంటుంది? అరిగిపోయినా పారేయకుండా వాడుతున్నదేమిటి? ఒకసారి తరగతిలో ఇలా అడిగితే, కరెంటు పనిచేసే ఆయన కూతురు లేచి, "మా నాన్న టెస్టర్‌లో లైటు సరిగ్గా వెలగట్లేదు టీచర్, రెండుసార్లు విదిలిస్తే గానీ తెలీట్లేదు" అంది. ఫేజు తీగకి ఆనిస్తే టెస్టర్ పిడిలో చిన్న దీపం వెలుగుతుంది చూడండి, దాని సంగతి. అది వెలగకపోతే తీగలో కరెంటు లేదనుకుని ముట్టుకునే ప్రమాదం ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల అది గమనించింది. ఎవరూ అడగలేదు కాబట్టి ఎప్పుడూ చెప్పలేదు. టెస్టర్ బహుమతి అవుతుందా అని పిల్లలు నవ్వారు. నవ్వొద్దన్నాను. ఎలక్ట్రికల్ షాపులో అది ఒక పిల్ల దాచుకున్న డబ్బులకి వచ్చేదే.

ప్రేమ్‌చంద్ 1933లో రాసిన 'ఈద్‌గాహ్' కథ మీలో చాలామంది పదో తరగతి హిందీలో చదువుకునే ఉంటారు. తల్లీ తండ్రీ లేని హమీద్‌ని నాయనమ్మ అమీనా పెంచుతుంది. పండగనాడు వాడి దగ్గరున్నవి మూడే పైసలు. తోటిపిల్లలు బొమ్మలు, మిఠాయిలు కొనుక్కుంటే, వాడు నాయనమ్మకి పట్టుకారు కొంటాడు, పెనం మీద రొట్టెలు తీసేటప్పుడు ఆవిడ వేళ్లు కాలుతున్నాయని. ఆ కథలో నాకు ఎప్పుడూ ముఖ్యమనిపించేది, ఆ దుకాణంలో హమీద్ పక్కన పెద్దవాళ్లెవరూ నిలబడి లేకపోవడం. ఉండుంటే వాడిచేత ఏదో బొమ్మ కొనిపించేవాళ్లు, పండగపూట పిల్లవాడికి ఇనప సామానెందుకని. వాడు ఆ నిర్ణయం దుకాణంలో చేసింది కాదు. ఇంట్లో, పొయ్యి పక్కన, ఎన్నోసార్లు చూసి చూసి చేసింది.

ఇక బడుల్లో చేయించే కార్డుల గురించి చెప్పాలి. ఉపాధ్యాయురాలిగా నాకు ఇది బాధ కలిగించే విషయం. ఒక బడిలో చూశాను. గోడ మీద నలభై కార్డులు వేలాడుతున్నాయి. నలభయ్యింటి మీదా అదే గులాబీ, అదే హృదయం బొమ్మ, అవే ఇంగ్లీషు అక్షరాలు. టీచర్ గీసి జిరాక్స్ తీయించింది, పిల్లలు గీత దాటకుండా రంగు నింపారు. ఏ కార్డు ఎవరిదో తెలియాలంటే వెనక్కి తిప్పి రోల్ నంబరు చూడాలి. పిల్లలకి చేతకాదని కాదు, గోడ మీద చూడ్డానికి చక్కగా ఉండాలని అలా చేశారు. ఆ టీచర్ల మీద ఎంత ఒత్తిడి ఉంటుందో నాకు తెలుసు, తల్లిదండ్రులు ఫొటోలు అడుగుతారు. అయినా అడుగుతున్నాను, తెల్లకాగితం ఇచ్చి "మీ అమ్మ ఏం చేస్తుండగా నీకు చూడ్డం ఇష్టమో ఆ బొమ్మ గీయి" అనండి. వంకరటింకరగా కుట్టుమిషనో, బస్సో, వరిచేనో, ఫోనో వస్తుంది. ఆ తల్లి దాన్ని దాచుకుంటుంది.

మదర్స్ డేని మొదలుపెట్టిన అన్నా జార్విస్ కోరుకున్నదీ ఇలాంటిదే. 1908 మే 10న అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని గ్రాఫ్టన్ ఊరి చర్చిలో, చనిపోయిన తన తల్లి జ్ఞాపకంగా ఆవిడ తొలి సభ జరిపించింది. 1914లో అధ్యక్షుడు వుడ్రో విల్సన్ మే రెండో ఆదివారాన్ని ఆ దేశమంతటికీ మాతృదినంగా ప్రకటించాడు. తర్వాత అది కార్డుల, మిఠాయిల వ్యాపారం కావడం చూసి ఆవిడ భరించలేకపోయింది. అచ్చువేసిన కార్డు కొనిచ్చే బదులు స్వయంగా ఉత్తరం రాయాలని వాదించింది. ఏళ్ల తరబడి ఆ వ్యాపారం మీద పోరాడింది. 1948లో చనిపోయింది.

మన దగ్గర మదర్స్ డే, ఫాదర్స్ డే పడే వేళ కూడా చూడండి. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఏప్రిల్ చివరికల్లా బడులకి సెలవులిచ్చేస్తారు. మే రెండో ఆదివారం నాటికి పిల్లలు అమ్మమ్మగారింట్లోనో నాయనమ్మగారింట్లోనో ఉంటారు. అమ్మమ్మ పక్కనుంటే అమ్మకి బహుమతి ఎంచడానికి అంతకంటే మంచి అవకాశం ఉండదు. అమ్మ చిన్నప్పుడు ఏం తినేది, దేనికి అలిగేది, ఏ జాతరలో ఏం కొనమని ఏడ్చేది, అవన్నీ ఆవిడకి తెలుసు. ఆ కబుర్లు చెప్పండి అమ్మమ్మలూ. కొనడం మనవళ్లు చూసుకుంటారు. ఇక ఫాదర్స్ డే జూన్ మూడో ఆదివారం, అంటే బడులు తెరిచిన కొన్నాళ్లకే. ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు, బూట్లు కొని కొని నాన్న జేబు ఖాళీ అయ్యే వేళ. అప్పుడు నాన్న దగ్గరే డబ్బు తీసుకుని నాన్నకి బహుమతి కొనడంలో అర్థం లేదని పిల్లలకే తెలిసిపోతుంది.

అందుకే డబ్బు పిల్లలదై ఉండాలి. పిల్లలకి డబ్బెక్కడిదంటారా? చుట్టాలు వెళ్లేటప్పుడు చేతిలో పెట్టిన నోట్లు ఏమయ్యాయి? "దాచిపెడతాను ఇటివ్వు" అని అమ్మ తీసుకుంటుంది, అవి కూరగాయల ఖర్చులో కలిసిపోతాయి. అందులో ఒక యాభయ్యో వందో కిడ్డీ బ్యాంకులో వేయనివ్వండి. చేతిబొమ్మకి బిస్కట్లు పెట్టిన పరీక్షలో పిల్లల ముఖాలు ఎక్కువగా వెలిగింది తమ గిన్నెలోది పెట్టినప్పుడే. నాన్న రెండువేలు పెట్టి కొన్న చీరలో పిల్లకి వాటా లేదు. తన యాభై రూపాయలతో కొన్న జడక్లిప్పులో పూర్తి వాటా ఉంది. డబ్బు చాలకపోతే కలపండి, తప్పులేదు. కానీ ఎంత కలుపుతారో దుకాణానికి వెళ్లకముందే చెప్పండి. అక్కడికెళ్లాక జేబులోంచి నోట్లు తీస్తూ పోతే, పిల్ల వస్తువుని చూడ్డం మానేసి మీ జేబుని చూడ్డం మొదలుపెడుతుంది.

పది పన్నెండేళ్లు దాటిన పిల్లల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎంచుకోవడం వాళ్లకి బాగానే వచ్చు. వాళ్లకి కావలసింది ఫోనులో ఆర్డరు పెట్టడానికి సాయం, ఎందుకంటే డెలివరీ ఓటీపీ అమ్మ ఫోనుకే వచ్చి గుట్టంతా బయటపడుతుంది. ఆ వయసులో ఇంకో బాధ ఉంది. ఫలానా స్నేహితుడు వాళ్లమ్మకి వాచీ ఇచ్చాడు, నేను పూలగుత్తి ఇస్తే ఏం బాగుంటుంది అని. ఆ పోలిక మనసులోంచి తీసేయడానికి మాత్రం పెద్దవాళ్లు కూర్చోబెట్టి మాట్లాడాలి.

సాయం చేయాల్సిన వాళ్లలో బహుమతి అందుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఈ సంగతి మనం బొత్తిగా పట్టించుకోం. "అమ్మా, నీకేం కావాలి?" అంటే మన తల్లులందరి జవాబూ ఒకటే, "నాకేం వద్దు నాన్నా, నువ్వు బాగా చదువుకో, అదే నాకు చాలు." ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాటతో పిల్లవాడికి దారి మూసుకుపోతుంది. దానికి బదులు, "నా క్లిప్పులన్నీ విరిగిపోయాయిరా" అనో, "పొద్దున్నే నడవడానికి వెళ్తే చెవులకి చలేస్తోంది" అనో మాటల మధ్యలో అనండి. ఫలానా వస్తువు అని చెప్పకండి, ఏదో కొరత ఉందని తెలియనిస్తే చాలు.

ఇచ్చిన తర్వాత? "ఎంతకి కొన్నావు? నలభయ్యా? పాతికకే ఇస్తారే, మోసం చేశాడు." "ఈ రంగు నా దగ్గర ఉందిగా." "ఇప్పుడెందుకురా డబ్బులు దండగ." మన ఇళ్లలో ఇవి తిట్లు కావు, ముద్దుగానే అంటాం. హమీద్ నాయనమ్మ కూడా ముందు వాడిని కోప్పడుతుంది, పొద్దుటినుంచీ ఏమీ తినకుండా ఇది కొన్నావా అని. వేళ్లు కాలుతున్నాయని వాడు చెప్పాకే ఆవిడ కరిగిపోతుంది. ప్రేమ్‌చంద్‌కి మన తల్లుల సంగతి ఎంత బాగా తెలుసో! కానీ అందరు పిల్లలూ హమీద్‌లా కారణం చెప్పలేరు. మొదటి మాటకే ముఖం ముడుచుకుని లోపలికి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. అందుకని ముందు, "ఇదే ఎందుకు తీసుకున్నావురా?" అని అడగండి. ధర అడక్కండి. అడిగి, వాళ్లు చెప్పేది చివరిదాకా వినండి. కొత్త దువ్వెనయితే అప్పుడే తల దువ్వుకోండి. గాజులయితే రేపు పొద్దున్నే వేసుకోండి. "మంచివి, పెళ్లిళ్లకి వేసుకుంటాను" అని బీరువాలో పెట్టకండి. పిల్లలకి పెళ్లిళ్ల దాకా ఆగే ఓపిక ఉండదు. వాళ్లు చూసేది రేపు పొద్దున్న.

చివరిగా, తల్లిదండ్రుల్లో ఒకరు దగ్గరలేని ఇళ్ల మాట. నిజామాబాద్, జగిత్యాల వైపు, ఇటు కోనసీమలో, కడపలో నాన్న గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఊళ్లోంచి ఎవరైనా అటు వెళ్తుంటే పచ్చళ్లు, సకినాలు, పొడులు మూటకట్టి పంపుతారు. తూకం ఎక్కువవుతుందని ఒక్కో పొట్లం తీసి పక్కన పెడతారు. ఆ సంచిలో పిల్లలు ఇచ్చేదానికి కాస్త చోటుంచండి. కాగితం ముక్కయినా సరే, దాన్ని మాత్రం తీసేయకండి.

తల్లి ఒక్కతే పిల్లల్ని పెంచుకునే ఇంట్లో ఇంకో చిక్కుంది. ఇద్దరూ ఉన్న ఇంట్లో అమ్మకి తెలియకుండా కొనాలంటే నాన్న తీసుకెళ్తాడు. మరి ఇక్కడ ఎవరు తీసుకెళ్తారు? ఆ పిల్లకి ఇంట్లో మూడో మనిషి లేరు. తరగతిలో తోటివాళ్లందరూ కార్డులు, క్లిప్పులు పట్టుకుని వెళ్తుంటే, ఉన్న డబ్బులు కిడ్డీ బ్యాంకులోనే ఉండిపోతాయి. పిన్నులు, మేనత్తలు, పక్కింటివాళ్లు, బడి పంతుళ్లు, మీలో ఎవరికైనా అలాంటి పిల్ల తెలిసుంటే, మీ పిల్లలతో పాటు ఒక సాయంత్రం తననీ బజారుకి తీసుకెళ్లండి. అసలు అమ్మే లేని పిల్ల ఉంటే, ఎవరికి కొనాలని ఉందో తననే అడగండి. అమ్మమ్మకి కావచ్చు, అక్కకి కావచ్చు, అన్నం వండిపెట్టే నాన్నకే కావచ్చు. ఎవరి పేరు చెబితే వాళ్లకే కొననివ్వండి. బయల్దేరేముందు ఇంట్లోవాళ్లకి చెప్పి తీసుకెళ్లండి. ఏం కొన్నారో మాత్రం చెప్పకండి, అది ఆ పిల్లే చెప్పుకోవాలి.